అగ్గిపెట్టె అందరి జేబుల్లోంచీ తీయాలి

(హిరోషిమా దినం సందర్భంగా తొప్పూరులో జరిగిన మిల్లు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మొదటి షిఫ్టు దిగి, తల మీద దూది కూడా దులుపుకోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఉన్నారు. రాత్రి షిఫ్టుకి ఎక్కాల్సినవాళ్లూ ఉన్నారు. మాట సూటిగానే చెబుతాం.

ఈ సభ పెట్టాలని కమిటీలో అనుకున్నప్పుడు ఒక సభ్యుడు నిలబడి అడిగాడు. "బోనసు సంగతి తేలలేదు. హాస్టలు ఆడపిల్లల పి.ఎఫ్. సంగతి తేలలేదు. ఇప్పుడు అణుబాంబు గొడవ మనకెందుకు?" అన్నాడు. ఇంకొక సభ్యుడు, "ఇది దేశం సంగతి. మనం నోరు విప్పితే మనల్నే తప్పుపడతారు" అన్నాడు. రెండూ తీసిపారేయాల్సిన మాటలు కావు. చర్చ రెండు గంటలు సాగింది. చివరికి సభ పెట్టాలనే తేలింది గాని, ఏకగ్రీవంగా కాదు. వద్దన్న సోదరులు కూడా ఈ రోజు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ముందుగా వాళ్లకే సమాధానం చెప్పుకోవాలి.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. ఆ దుర్మార్గాన్ని ఖండించడంలో మనలో ఎవరికీ రెండో మాట లేదు. తర్వాత మే 7 నుంచి 10 వరకు నాలుగు రోజులు మన దేశానికీ పాకిస్తాన్‌కీ మధ్య క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. ఆ నాలుగు రోజులూ మిల్లు గేటు ముందు టీ కొట్లో మేము విన్న మాట ఒకటుంది. "ఒక్కటి వేసేస్తే పీడ విరగడవుతుంది" అని. ఆ మాట అన్నవాడు చెడ్డవాడు కాదు. మనతో పాటు రింగ్ ఫ్రేముల మధ్య నడిచేవాడే. చందా బకాయి లేనివాడే. ఆ 'ఒక్కటి' అంటే ఏమిటో అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పకపోవడం యూనియన్ తప్పు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ సభ.

ఆ 'ఒక్కటి' అంటే ఏమిటి?

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలు. హిరోషిమాలో జనం పనిలోకి దిగే వేళ. ఆ రోజు ఊరి నడిబొడ్డున వేలాది మంది బడిపిల్లలు కూడా పనిలో ఉన్నారు. విమానదాడి జరిగితే మంటలు వ్యాపించకుండా ఇళ్లు పడగొట్టి ఖాళీ జాగా చేయడం వాళ్లకి అప్పగించిన పని. అలాంటి ఊరి మీద 15 వేల టన్నుల టి.ఎన్.టి.కి సమానమైన బాంబు పడింది. ఆ ఏడాది ముగిసేలోగా చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది.

మూడు రోజుల తర్వాత ఆగస్టు 9న నాగసాకి. నిజానికి ఆ రోజు విమానం బయలుదేరింది కోకురా అనే ఊరి కోసం. అక్కడ పొగ, మబ్బు కమ్మి గురి కనిపించలేదు. దాంతో నాగసాకికి తిప్పారు. బాంబు ఉరకామి లోయలో, ఫ్యాక్టరీల మధ్య పడింది. అక్కడ ఆ ఏడాది చివరికి పోయినవాళ్లు 70 వేలకు పైనే. రెండు ఊళ్లలోనూ చనిపోయినవాళ్లలో కొరియా నుంచి తెచ్చి వెట్టిచాకిరీలో పెట్టిన కూలీలు వేలల్లో ఉన్నారు. వాళ్లకి ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేదు. యుద్ధం మొదలుపెట్టినవాళ్ల జాబితాలో వాళ్ల పేర్లు లేవు. చచ్చినవాళ్ల జాబితాలోకి కూడా చాలా ఏళ్ల దాకా ఎక్కలేదు.

ఇప్పుడు ఆయుధశాలల్లో ఉన్నవాటిలో చాలా బాంబుల ముందు ఆ హిరోషిమా బాంబు చిన్నది. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధనా సంస్థ 'సిప్రి' లెక్క ప్రకారం 2025 జనవరి నాటికి ప్రపంచంలో 12,241 అణ్వస్త్రాలు ఉన్నాయి. దాదాపు 90 శాతం అమెరికా, రష్యాల దగ్గరే. మన దేశం దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170 ఉంటాయని అంచనా.

లాహోరుకీ అమృత్‌సర్‌కీ మధ్య దూరం 50 కిలోమీటర్లు. ఈ తొప్పూరు నుంచి సేలం దాటి కాస్త ముందుకు పోతే ఎంత దూరమో అంత. గాలికి పాస్‌పోర్టు అక్కర్లేదు. అక్కడ 'ఒక్కటి' వేస్తే ఆ బూడిద ఇవతలి గోధుమ చేల మీద కూడా పడుతుంది. వాళ్లు తిరిగి వేసేది వేరే లెక్క. టీ కొట్లో మాట్లాడిన తమ్ముడు ఈ దూరం ఒక్కసారి మనసులో కొలుచుకోవాలి.

కటాఫ్ తేదీ రాజకీయం

అయితే ఆ తమ్ముడు ఇంకో మాట కూడా అన్నాడు. "అమెరికా దగ్గర వేలల్లో ఉండొచ్చు, మనకు ఉండకూడదా?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటవేసి శాంతి గురించి మాట్లాడితే ఎవరూ వినరు. వినకూడదు కూడా.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, ఎన్.పి.టి. అంటారు, 1968లో సంతకాలకు వచ్చింది. 1970లో అమలైంది. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన దేశాలే అణ్వస్త్ర దేశాలని అందులో రాసుకున్నారు. అమెరికా 1945లో, సోవియట్ 1949లో, బ్రిటన్ 1952లో, ఫ్రాన్స్ 1960లో, చైనా 1964లో పేల్చాయి. ఈ ఐదూ లోపల. మిగతా ప్రపంచం బయట. కటాఫ్ తేదీ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫలానా తేదీకి ముందు చేరినవాడు పర్మనెంటు, మర్నాడు చేరినవాడు జీవితాంతం బద్లీ. అదే లెక్క. పైగా ఆ ఐదు దేశాలే భద్రతా మండలిలో వీటో ఉన్న దేశాలు. మేనేజ్‌మెంటూ వాళ్లే, ఎంక్వయిరీ ఆఫీసరూ వాళ్లే.

ఆ ఒప్పందంలో రెండో వైపు కూడా ఉంది. అది చాలామందికి తెలియదు. ఆరో అధికరణం ప్రకారం ఆ ఐదు దేశాలు కూడా నిరాయుధీకరణ కోసం నిజాయితీగా చర్చలు జరపాలి. బాంబు లేనివాళ్లు బాంబు జోలికి పోకూడదు, ఉన్నవాళ్లు వదులుకునే దారి పట్టాలి. ఇది ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద మనం లేబర్ ఆఫీసరు ముందు సంతకాలు పెట్టిన 12(3) ఒప్పందాలు గుర్తు చేసుకోండి. ఫ్రేములు పెంచి పనిభారం ఎక్కించే షరతు మర్నాటి నుంచే అమలయ్యేది. వాళ్లు ఇస్తామన్న అలవెన్సు మాత్రం ఫైల్లో నిద్రపోయేది. ఎన్.పి.టి. సంగతి అచ్చం అలాగే నడిచింది. 1995లో దాన్ని కాలపరిమితి లేకుండా పొడిగించుకున్నారు. 1996 జూలై 8న అంతర్జాతీయ న్యాయస్థానం నిరాయుధీకరణ చర్చలు జరపడమే కాదు, వాటిని ముగింపుకి తేవడం కూడా బాధ్యతేనని సలహా తీర్పు ఇచ్చింది. ఆ ముగింపు నేటికీ రాలేదు.

సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం, సి.టి.బి.టి., 1996లో వచ్చింది. మన దేశం సంతకం పెట్టలేదని అమెరికా ఎంతో ఒత్తిడి తెచ్చింది. అదే అమెరికా సెనేట్ 1999 అక్టోబరులో దాన్ని తిరస్కరించింది. రష్యా 2023లో తన ధ్రువీకరణను వెనక్కి తీసుకుంది.

ఇజ్రాయెల్ ఎన్.పి.టి.లో చేరలేదు. దాని దగ్గర అణ్వస్త్రాలు ఉన్నాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. దాన్ని సాక్ష్యాలతో బయటపెట్టింది ఏ దౌత్యవేత్తో కాదు, డిమోనా అణుకేంద్రంలో పనిచేసిన ఒక టెక్నీషియన్. మొర్దెకాయ్ వనును ఆయన పేరు. 1986లో ఫొటోలతో సహా లండన్ పత్రికకు చెప్పాడు. రోమ్ నుంచి ఆయన్ని ఎత్తుకుపోయి 18 ఏళ్లు జైల్లో పెట్టారు. అందులో 11 ఏళ్లకు పైగా ఒంటరి గదిలో. బాంబు చేసినవాళ్ల మీద ఆంక్షలు లేవు. చెప్పిన కార్మికుడికి మాత్రం శిక్ష పడింది.

ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని 2003లో దండెత్తారు. దేశమంతా గాలించినా అలాంటి ఆయుధాల నిల్వలు దొరకలేదు. ఇరాన్ ఎన్.పి.టి.లో సభ్యదేశం. అది యురేనియాన్ని 60 శాతం వరకు శుద్ధి చేసింది. బాధ్యతలు పాటించలేదని 2025 జూన్ 12న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పాలకమండలి తీర్మానించింది. ఆ మాట మేము దాచం. కానీ మర్నాడే దాని మీద బాంబులు వేసింది ఎవరు? ఎన్.పి.టి.లో అసలు చేరని ఇజ్రాయెల్. జూన్ 22న తోడు వచ్చింది ఎవరు? యుద్ధంలో అణుబాంబు వాడిన ఒకే ఒక దేశం, అమెరికా.

మన మీద కూడా ఇదే నడిచింది. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో మనం, అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్తాన్ పరీక్షలు జరిపాం. ఇద్దరి మీదా అమెరికా ఆంక్షలు పెట్టింది. 2001 సెప్టెంబరు 22న వాటిని ఎత్తేసింది. ఈలోగా మనం బాంబులు వదిలేశామా? పాకిస్తాన్ వదిలేసిందా? లేదు. సెప్టెంబరు 11న న్యూయార్కులో దాడి జరిగింది, అఫ్ఘానిస్తాన్ యుద్ధానికి పాకిస్తాన్ అవసరం పడింది. అవసరం పడ్డ రోజున పాపం మాఫీ.

కాబట్టి ద్వంద్వ నీతి ఉంది. నూటికి నూరు పాళ్లు ఉంది. ఇక ప్రశ్న ఒక్కటే. దాన్ని చూసి మనం ఏం అడగాలి?

బ్లోరూములో నేర్చుకున్న పాఠం

మేము కొత్తగా పనిలో చేరిన మిల్లు ఒకటి ఉండేది. పేరు ఇప్పుడు అక్కర్లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టె తీసి పెట్టుకునేవాడు. అది సరైన పనే. బేళ్లు విప్పే బ్లోరూము సంగతి మీకు తెలుసు. పత్తిలో ఒక ఇనుప ముక్క వచ్చి బీటరుకి తగిలితే చాలు, రవ్వ లేస్తుంది. పైపుల వెంట మంట పరుగెత్తుతుంది. అందుకే దారిలో మాగ్నెట్ పెడతారు. అలాంటి చోటికి ఒక రోజు పెద్ద ఆఫీసరు ఒకాయన సిగరెట్టు కాలుస్తూ వచ్చాడు. ఎవరూ నోరెత్తలేదు. ఆ వారంలోనే మాలో ఒకడి బొడ్లో బీడీకట్ట దొరికిందని మూడు రోజులు సస్పెండు చేశారు.

మేమంతా గేటు ముందు కూర్చున్నాం. వేడి రక్తం. "ఆయన కాలిస్తే లేని తప్పు మాకెందుకు? మేమూ కాలుస్తాం" అని నినాదాలిచ్చాం. కార్డింగులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. ఆయన వచ్చి తిట్టాడు. "ఒరేయ్, మీరూ కాలిస్తే తగలబడేది ఆయన బంగళా కాదురా, మీ ఒళ్లు. ఆయన జేబులోంచి కూడా అగ్గిపెట్టె తీయించండి. అడగాల్సింది అదీ" అన్నాడు.

మా డిమాండు మార్చుకున్నాం. గేటులో తనిఖీ కూలీకైనా ఆఫీసరుకైనా ఒకటేనని రాయించుకున్నాం. ఒక రోజు జీతం పోయింది గాని ఆ రూలు నిలబడింది.

ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. బోనసులో తేడా ఉంటే అందరికీ బోనసు ఇమ్మంటాం. ఎందుకంటే బోనసు మంచిది. బాంబు విషయంలో తేడా ఉంటే అందరికీ బాంబు ఇమ్మనలేం. నిప్పును సమానంగా పంచితే న్యాయం జరగదు, మిల్లు తగలబడుతుంది. అందరికీ ఒకే రూలు కావాలి. ఆ రూలు 'ఎవరికీ వద్దు' అన్నదే కావాలి.

మన సొంత లెక్క

ఇతరుల ద్వంద్వ నీతి గురించి ఇంతసేపు మాట్లాడాం. మన లెక్క కూడా చూసుకోకపోతే అది మూడో నీతి అవుతుంది.

మన దేశం చాలాకాలం ఈ ముసలి మేస్త్రీ మాటే మాట్లాడింది. 1954 మార్చిలో అమెరికా పసిఫిక్ సముద్రంలో హైడ్రోజన్ బాంబు పేల్చినప్పుడు, పరీక్షలు ఆపండని ఏప్రిల్ 2న పార్లమెంటులో నెహ్రూ పిలుపునిచ్చారు. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 నాటికి అణ్వస్త్రాలు లేని ప్రపంచం కోసం దశలవారీ ప్రణాళిక పెట్టారు. ఎన్.పి.టి. వివక్షతో కూడిందని, వివక్ష లేని ఒప్పందం వస్తే చేరతామని చెబుతూ వచ్చాం. ఆ మాట న్యాయమైనదే.

తర్వాత ఏమైంది? 1998లో పరీక్షలు జరిపాం. 2008 సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం మనకి ఒక్కరికే ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. రూలు మారలేదు, మనకు మాత్రం పక్క గేటు తెరిచారు. యూనియన్ నాయకుడికి ఒక్కడికే ఇంక్రిమెంటు ఇస్తే అతని గొంతు ఎలా తగ్గుతుందో మీరు చూసే ఉంటారు.

2017 జూలై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు అణ్వస్త్ర నిషేధ ఒప్పందాన్ని ఆమోదించాయి. అది 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది. 70కి పైగా దేశాలు అందులో చేరాయి. దానిలో కటాఫ్ తేదీ లేదు. పర్మనెంటు, బద్లీ తేడా లేదు. ఎవరికీ వద్దన్నదే దాని సారం. మనం ఏళ్ల తరబడి అడిగింది వివక్ష లేని ఒప్పందమే కదా! ఆ చర్చలకు అమెరికా రాలేదు, రష్యా రాలేదు, చైనా రాలేదు, పాకిస్తాన్ రాలేదు. మన దేశం కూడా వెళ్లలేదు. అంతవరకు ఒకరినొకరు దొంగ అని తిట్టుకున్న తొమ్మిది దేశాలూ ఆ ఒక్క విషయంలో ఏకమయ్యాయి.

మనకు మెచ్చుకోదగినది కూడా ఒకటుంది. ముందుగా మేం అణ్వస్త్రం వాడమని మన ప్రభుత్వం ప్రకటించి, 2003లో దాన్ని అధికారిక విధానంగా చెప్పింది. చైనా కూడా ఆ మాట ఇచ్చింది. అమెరికా, రష్యా, పాకిస్తాన్ ఇవ్వలేదు. ఈ మాటను వదులుకోకూడదని మనం గట్టిగా చెప్పాలి.

ఇదంతా ఢిల్లీ సంగతి అనుకోకండి. అణు క్షిపణులు మోసే జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న నీటిలోకి దిగింది విశాఖపట్నంలో. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరిందీ విశాఖలోనే. మనలో ఎంతోమందికి అక్కచెల్లెళ్లూ అల్లుళ్లూ ఉన్న ఊరు అది. ఎదుటివాడు గురిపెట్టే పటంలో ఆ ఊరు ఉండదని ఎవరు హామీ ఇస్తారు?

తొప్పూరు ఘాట్ సాక్షి

"బాంబు ఉంది కాబట్టే పెద్ద యుద్ధం రాలేదు, ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా" అంటారు చదువుకున్నవాళ్లు. దీనికి జవాబు ఈ ఊరివాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ధర్మపురి వైపు నుంచి సేలం వైపు ఘాట్ దిగే లారీలను రోజూ చూస్తున్నాం. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు ఉన్నారు. అడిగితే, "పదేళ్లుగా ఇలాగే దిగుతున్నా, ఏమైంది?" అంటారు. పదేళ్లుగా ఏమీ కాలేదన్నది నిజమే. బ్రేకు పట్టని రోజున ఎంతమంది ఇళ్లకు శవాలు చేరాయో ఈ రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టుకున్నవాళ్లను అడగండి.

అణ్వస్త్రాల ఘాట్‌లో కూడా బ్రేకు జారిన రోజులున్నాయి. 1983 సెప్టెంబరు 26న, అమెరికా ఐదు క్షిపణులు వదిలిందని సోవియట్ హెచ్చరిక యంత్రాలు మోగాయి. డ్యూటీలో ఉన్న స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి, ఇది యంత్రం తప్పే అయి ఉంటుందని పైవాళ్లకు చెప్పాడు. తప్పేనని తర్వాత తేలింది. ఆ రాత్రి షిఫ్టులో ఇంకొకరు ఉంటే?

మన దగ్గరా జరిగింది. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. దానికి బాంబు తగిలించి లేదు కాబట్టి, పడ్డచోట మనుషులు లేరు కాబట్టి, అవతలివాళ్లు తొందరపడలేదు కాబట్టి బతికిపోయాం. తర్వాత ముగ్గురు అధికారులను ఉద్యోగం నుంచి తీసేశారు. మిషను దగ్గర నిలబడేవాళ్లం మనం. పొరపాటు జరగని మిషను లేదని మనకు తెలుసు. చెయ్యి పోయినా మనిషి మిగిలే పొరపాట్లున్నాయి. ఊరే మిగలని పొరపాటు ఇది.

ఈ రోడ్డు మీది పెద్దాయన

ఇదే రోడ్డు మీద ఉత్తరంగా వెళితే ధర్మపురి, కృష్ణగిరి దాటాక హోసూరు. దాని పక్కన తొరపల్లి. ఆనాడు సేలం జిల్లా, తర్వాత మన ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినపడే ఆ పల్లెలో 1878లో పుట్టాడు చక్రవర్తి రాజగోపాలాచారి. సేలంలో వకీలు, అక్కడే మునిసిపల్ చైర్మన్, ఆ తర్వాత దేశానికి గవర్నర్ జనరల్.

ఆయన మన మనిషి అని చెప్పబోవడం లేదు. ముఖ్యమంత్రిగా ఆయన తెచ్చిన కులవృత్తి చదువుల పథకం మీద ఈ రాష్ట్రం మండిపడింది. 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీ కార్మికుల పార్టీ కాదు. కానీ అణుబాంబు విషయంలో ఆయన చేసినదాన్ని కాదనలేం. 1962 సెప్టెంబరులో, 83 ఏళ్ల వయసులో, గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున ఆర్.ఆర్. దివాకర్, బి. శివరావులతో కలిసి అమెరికా వెళ్లాడు. అధ్యక్షుడు కెనెడీని కలిసి అణుపరీక్షలు ఆపమని అడిగాడు. మాకూ ఒకటివ్వండని అడగలేదు. మీ జేబులో అగ్గిపెట్టె తీయండన్నాడు. సిగరెట్టు కాలుస్తున్న ఆఫీసరు గదిలోకే వెళ్లి చెప్పాడు. మరుసటి నెలలోనే క్యూబా సంక్షోభం వచ్చి ప్రపంచం అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. 1963 ఆగస్టు 5న అమెరికా, సోవియట్, బ్రిటన్ కలిసి గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు నిషేధిస్తూ సంతకాలు చేశాయి. అది ఆయన ఒక్కడి వల్ల జరిగిందని ఎవరూ అనరు. అడిగినవాళ్లలో ఆయన ఒకడు. అడిగేవాళ్లు లేకపోతే ఆ సంతకాలు ఉండేవి కావు.

మనం చేయగలిగింది

"మనం ఎంత, మన గొంతెంత?" అంటారా? 1954 మార్చి 1న అమెరికా పేల్చిన ఆ హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాను చేపల పడవ మీద పడింది. పడవలో 23 మంది. వాళ్లూ మనలాంటి కష్టజీవులే. రేడియో ఆపరేటరు కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. అప్పుడు టోక్యోలో సుగినామి అనే పేటలో ఇల్లాళ్లు కాగితం, కలం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఏడాది తిరిగేసరికి దేశమంతా కలిసి 3 కోట్లకు పైగా సంతకాలు. బాంబు బాధితులు సంఘం పెట్టుకున్నారు, నిహోన్ హిదాన్‌క్యో. 68 ఏళ్లు పనిచేశాక 2024లో దానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. చేసిన బాంబులను తనే విప్పేసిన దేశం కూడా ఉంది, దక్షిణాఫ్రికా. 1993లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పింది. కాబట్టి జరగనిది కాదు.

డబ్బు సంగతి కూడా వినండి. 2024లో తొమ్మిది దేశాలూ అణ్వస్త్రాల మీద 10,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయని అణ్వస్త్రాల నిర్మూలనకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ 'ఐకాన్' లెక్క కట్టింది. మన ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో మందులు లేవన్నప్పుడు ఈ అంకె గుర్తు చేసుకోండి. బోనసు ఉండగా బాంబు ఎందుకని అడిగిన సోదరుడికి ఇదొక జవాబు.

ఇంకో జవాబు ఉంది. అది చెప్పడం కష్టం. ఆ నాలుగు రోజుల్లోనే ఒక మిల్లు హాస్టల్లో బీహారు నుంచి వచ్చిన ఒక ముస్లిం కుర్రవాణ్ణి "నీది ఏ దేశం?" అని అడిగారు. అడిగింది సూపర్‌వైజరు కాదు, మనవాళ్లే. మర్నాడు అతను షిఫ్టుకి రాలేదు. రెండు రోజులకు మూట కట్టుకుని సేలంలో రైలెక్కాడు. రావాల్సిన జీతం మేము వెంటపడి పంపించాం. మనిషిని మాత్రం వెనక్కి తేలేకపోయాం. బాంబు పేలకుండానే మనలో ఒకణ్ణి పోగొట్టుకున్నాం. అప్పుడు మేమే గట్టిగా అడ్డం నిలబడాల్సింది. నిలబడలేదు. ఈ సభలో అది ఒప్పుకుంటున్నాం.

అందుకని ఈ తీర్మానాన్ని మీ ముందు పెడుతున్నాం.

ఒకటి: ముందుగా అణ్వస్త్రం వాడబోమన్న మాట మీద మన ప్రభుత్వం నిలబడాలి. మిగతా అణ్వస్త్ర దేశాలన్నీ ఆ మాట ఇవ్వాలి.

రెండు: ఎన్.పి.టి. ఆరో అధికరణాన్ని ఐదు అగ్రరాజ్యాలూ అమలు చేయాలి. రూలు ఇరాన్‌కి ఒకటి, ఇజ్రాయెల్‌కి ఒకటి ఉండకూడదు.

మూడు: 2017 నాటి అణ్వస్త్ర నిషేధ ఒప్పందం సమావేశాలకు మన ప్రభుత్వం కనీసం పరిశీలకుడిగానైనా వెళ్లాలి.

నాలుగు: మన మిల్లుల్లో, హాస్టళ్లలో మతం పేరుతో గాని, రాష్ట్రం పేరుతో గాని ఏ కార్మికుణ్ణీ వేరుచేసి మాట్లాడితే యూనియన్ అడ్డుపడుతుంది. ఇది ఢిల్లీకి పంపే డిమాండు కాదు. మనకు మనం పెట్టుకునే రూలు.

ఒప్పుకోనివాళ్లు చెయ్యెత్తి మాట్లాడండి. ఎవరినీ దేశద్రోహి అనం, ఎవరినీ పిరికివాడనం. ఒప్పుకున్నవాళ్లు బయటికి వెళ్లేటప్పుడు బల్ల మీది పుస్తకంలో సంతకం పెట్టండి. సంతకం రానివాళ్లకు పక్కనున్న అక్కలు సాయం చేస్తారు. రాత్రి షిఫ్టువాళ్లు ముందు వెళ్లండి, బస్సు తప్పుతుంది.

ప్రపంచ శాంతి వర్ధిల్లాలి!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!